పప్పు ఉడికే ఊరు

చిలకలూరిపేట,
22-11-1987, ఆదివారం.

అక్కకు జయరావు వందనాలు.

పొద్దున మబ్బు. పది దాటాక ఎండ వచ్చింది. చర్చి నుంచి వచ్చి వంటింటి మీద జారిన రేకు సరిచేశాను. రోజూ చిట్టా రాసుకునేవాణ్ణి కనక ఉత్తరమైనా ఇలాగే మొదలవుతుంది. నవ్వుకుంటే నవ్వుకో.

ఈ ఏడు పత్తి సంగతి నీకూ తెలిసిందే. తెల్లదోమ పట్టి చేలన్నీ మసి పూసినట్టు నల్లబడ్డాయి. మా జిన్నింగు మిల్లుకి రావాల్సిన పత్తి రావడం లేదు. కాటా ముందు కూర్చుని ఈగలు తోలుతున్నాను. మొన్న యజమాని పిలిచి, "జయరావూ, జనవరి నెలాఖరుకి మిల్లు మూసేస్తున్నాను. క్వార్టర్లు కూడా ఖాళీ చెయ్యాలి" అన్నాడు. ఆయన్ని అనడానికేం లేదు. నా మొహం కంటే ఆయన మొహమే పీక్కుపోయి ఉంది.

గుంటూరు మిరపకాయల యార్డులో ఒక కమీషన్ కొట్టువాళ్ళకి కాటా గుమాస్తా కావాలట. ఫిబ్రవరి ఒకటిన చేరాలి. ఒప్పుకుని వచ్చాను. ఇబ్బందల్లా సలోమి చదువు. ఎనిమిదో తరగతి నడుమలో ఉంది. గుంటూరులో రెండు స్కూళ్ళు తిరిగాను. ఇప్పుడు చేర్చుకోము, జూన్‌లో తెస్తే మళ్ళీ ఎనిమిదిలోనే కూర్చోబెడతామన్నారు. ఆ మాట విన్నాక రిక్షా ఎక్కబుద్ధి కాలేదు. బస్టాండు దాకా నడిచే వచ్చాను.

వచ్చే ఫిబ్రవరికి అమ్మమ్మ పోయి ఏడాది. జ్ఞాపకార్థ కూటంలో చదవడానికి నాలుగు మాటలు నన్ను రాయమన్నావు. టీచరువి, నువ్వు రాస్తే బాగుండేది. రాసిన మేరకు ఇది:

"మా అమ్మమ్మ పేరు అంకమ్మ. తాతయ్య దానయ్యగారు మిషన్ ఉపదేశి. వారమంతా పిల్లలకు చదువు చెప్పి, ఆదివారం ప్రార్థన జరిపేవారు. మా అమ్మా నాన్నా ఒకే వారంలో కలరాతో పోతే మా ఇద్దర్నీ వాళ్ళే పెంచారు. మిషన్ వాళ్ళు ఏ ఊరికి వేస్తే ఆ ఊరికి, అమ్మమ్మ ఎదురు చెప్పకుండా మూటలు కట్టుకుని వెళ్ళింది."

ఆ తర్వాత సాగలేదు. గుర్తొచ్చేవన్నీ కూటంలో చదివేవి కావు. బండి దిగగానే ఏ మూటా విప్పనిచ్చేది కాదు చూడు. ముందు మూడు రాళ్ళు పెట్టి, ఆ ఊరి బావి నీళ్ళతో గుప్పెడు కందిపప్పు ఉడకేసేది. మనం ఆకలని ఏడుస్తున్నా సరే, పప్పు సంగతి తేలితేనే మిగతా పని. ఏం మొక్కో, ఏం ఆచారమో. కొన్ని ఊళ్ళల్లో సగం మూటలు మనం ఉన్నన్నాళ్ళూ మూలనే పడి ఉండేవి. విసిగిపోయి ఉంటుంది. నాకు ఈ ఒక్కసారి కట్టాలంటేనే చేతులు రావడం లేదు.

బావగారికి వందనాలు చెప్పు. దగ్గు తగ్గిందా?

జయరావు.


పర్చూరు,
30-11-1987.

తమ్ముడికి, మరదలికి, మా సలోమికి దీవెనలు.

ఇక్కడ ఎండ కాసిందో వాన కురిసిందో నేను చూడలేదురా. లెక్కల పేపర్లు దిద్దుతున్నాను. ఒక మహానుభావుడు చతురస్రానికి మూడు భుజాలు వేసి, నాలుగోది గోడవైపు ఉంది కనక కనపడదు అని రాశాడు. మీ బావగారు దగ్గుతూనే ఉన్నారు, చుట్ట కాలుస్తూనే ఉన్నారు.

మిల్లు సంగతి చదివి మనసు పాడైంది. ఇరవై ఏళ్ళు ఒకే గేటులో వెళ్ళొచ్చినవాడివి.

నువ్వు రాసింది బాగుంది గాని ఒక్క ముక్క తప్పు. అమ్మమ్మ ఎదురు చెప్పకుండా వెళ్ళిందంటావేంరా? ఆ బదిలీలు సగానికి సగం ఆవిడ అడిగి వేయించుకున్నవే! తాతయ్య పాపం వేసిన చోట పడుండే మనిషి. ఆవిడే వెళ్ళి దొరగారి బంగళా మెట్ల మీద కూర్చునేది, మమ్మల్ని ఈ ఊరి నించి తీసెయ్యండి అని. రావిగుంటపాడు సంగతి నీకు తెలియంది కాదు. నా బోర్డింగు స్కూలుకి దగ్గరని కదూ అక్కడికి వేయించుకుంది! శనివారం శనివారం ఇంటికి నడిచి వచ్చేదాన్ని. ఇదంతా కూటంలో చదవక్కర్లేదు గాని, మిషన్ వాళ్ళు తిప్పారని మాత్రం రాయకు. పాస్టరుగారు ముందు వరసలో కూర్చుంటారు.

పప్పు సంగతి భలే గుర్తు చేశావు. మేకలవారిపాలెం వెళ్ళిన రోజు పొద్దుగూకే దాకా కుతకుతలాడుతూనే ఉంది. నువ్వు ఆగలేక పచ్చిపప్పు బొక్కి, కడుపునొప్పని దొర్లావు. తాతయ్యకి కోపం వచ్చి, "ఒసేవ్ అంకమ్మా, ఆ పప్పేమన్నా నీ మేనమామా, దానికంత కాపలా?" అన్నాడు. "నువ్వు ప్రార్థన చేసుకో. నా పొయ్యి జోలికి రాకు" అంది. తాతయ్య నిజంగానే ప్రార్థన చేసుకున్నాడు.

ఇప్పుడు అసలు మాట. సలోమిని నా దగ్గరికి పంపు. మా హెడ్‌మాస్టర్ని అడిగాను. టీసీ తెస్తే ఆ రోజే ఎనిమిదిలో కూర్చోబెడతానన్నారు. ఏడాది పోదు. జూన్‌లో తొమ్మిదికి గుంటూరులో చేర్చుకుందువుగాని. దానికి గది కూడా ఖాళీ చేశాను, మీ బావగారి చెత్తంతా అటక ఎక్కించి.

వెంటనే రాయి.

అక్క జయకుమారి.


చిలకలూరిపేట,
14-12-1987.

అక్కకు,

మంచు. తొమ్మిదైనా రోడ్డు మీద లారీలు లైట్లు వేసుకునే వెళ్తున్నాయి. తూకపు రాళ్ళు తుడిచి పెట్టెలో సర్దాను.

నీ ఉత్తరం అందింది. రావిగుంటపాడు సంగతి నాకు తెలియంది కాదని రాశావు. నాకు తెలియదు.

సలోమి విషయం. వద్దు. మాతోపాటు గుంటూరు వస్తుంది. మళ్ళీ ఎనిమిది చదవాల్సి వస్తే చదువుతుంది. చదివిందే చదివితే మనిషి చావడు.

కూటంలో చదివే మాటలు నువ్వే రాయి. నీకే అన్నీ తెలుసు.

జయరావు.


పర్చూరు,
19-12-1987.

తమ్ముడికి,

ఉత్తరమా అది, టెలిగ్రామా? పోస్టుమాన్ ఇచ్చి నిలబడితే, ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అమ్మా అని అడిగాడు. నా మొహం అలా ఉందన్నమాట.

నాకు తెలుసురా ఇది ఎవరి మాటో. పోయిన వేసవిలో సలోమి జుట్టుకి పేలు పట్టాయని కత్తిరించాను. అప్పటినించీ మరదలు నాతో ముభావంగానే ఉంది. ఆడపిల్ల జుట్టు తల్లిని అడక్కుండా కోసింది, రేపు ఇంకేం చేస్తుందో అని భయం కాబోలు. లేకపోతే పిల్లల్లేని ఇంట్లో పిల్లని వదలడం దేనికి అనుకుందో. ఇరుగుపొరుగు వాళ్ళు అనగా విన్నాను గాని మన ఇంట్లో ఆ మాట పుడుతుందనుకోలేదు. నాకు పిల్లల్ని పెంచడం రాదంటారా? ఇరవై మూడేళ్ళుగా నేను చేస్తున్నదేమిటి మరి?

ఏడాది పోగొట్టుకోవడం అంటే నీకు లెక్కలేదా? సలోమి చురుకైన పిల్ల. తన కంటే చిన్నవాళ్ళ పక్కన కూర్చుని, వచ్చిన పాఠమే మళ్ళీ వింటూ ఉంటే ఆ పిల్ల ఏమైపోతుందో నీకు తెలియదు. నేను టీచర్ని, నాకు తెలుసు. అలాంటి పిల్లలు మొదట కిటికీ బయటికి చూస్తారు, తర్వాత రావడం మానేస్తారు.

ఆ గదిలో మంచం వేసి దుప్పటి కూడా పరిచాను. అటక మీద నించి తన చెత్త దించుకోనా అని మీ బావగారు నిన్న మెల్లగా అడిగారు. ఇంకా దించద్దన్నాను.

జయకుమారి.


చిలకలూరిపేట,
3-1-1988, ఆదివారం.

అక్కకు వందనాలు.

ఆకాశం తేటగా ఉంది. చలి తగ్గింది. కరెంటు మీటరు వాళ్ళకి మిల్లు తరఫున కాగితం ఇచ్చి వచ్చాను.

నీ మరదల్ని ఏమీ అనకు. పంపమనే ఆమె రోజూ పోరుతోంది. నీ ఉత్తరం చూపించలేదు, చూపిస్తే బాధపడుతుంది. వద్దన్నది నేనే.

ఆ పిల్ల ఏమవుతుందో నాకు తెలియదని రాశావు. అందుకని ఇది రాస్తున్నాను. ఇంతకు ముందు ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన పని పడలేదు.

మేకలవారిపాలెంలో బోర్డు స్కూలు ఉండేది, అయిదు దాకా. లక్ష్మీనరసింహంగారని మాస్టారు. మూడు పాసయ్యాక ఆయన నా భుజం మీద చెయ్యి వేసి తాతయ్యతో అన్నాడు, "దానయ్యా, వీణ్ణి నాకొదిలెయ్. అయిదు దాటించి పంపిస్తా" అని. ఆ వేసవిలోనే రావిగుంటపాడు వెళ్ళాం. అక్కడ మిషన్ బడి ఒక్కటే. మూడు దాకానే ఉంది. తాతయ్య నన్ను మళ్ళీ మూడులోనే కూర్చోబెట్టాడు. ఆ మరుసటి ఏడు కూడా మూడే. వాచకం మొత్తం నోటికి వచ్చేసింది. బొమ్మ ఏ పేజీలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పేవాణ్ణి. నువ్వన్నట్టే కిటికీ బయటికి చూశాను. తర్వాత లేచి అక్కడి మిల్లుకి వెళ్ళి దూది గంపలు ఎత్తాను. శనివారాలు నువ్వు తెచ్చే పుస్తకాలు, నువ్వు పడుకున్నాక తిరగేస్తే వచ్చిందే నా చదువు.

ఆ ఊరికి మిషన్ వాళ్ళు వేశారనుకున్నన్నాళ్ళూ నాకు ఎవరి మీదా కోపం లేదు. ఆ దొర ఎవరో నేను చూడలేదు. వానలు పడకపోతే ఎవర్ని అంటాం, అలాగే అనుకున్నాను. ఇప్పుడు అది అమ్మమ్మ అడిగి చేసిన పని అని చెప్పావు. నువ్వు శనివారం ఇంటికి రావడం కోసం.

పోయి ఏడాది కావస్తున్న మనిషి మీద ఇప్పుడు కోపం తెచ్చుకుని ఏం చేసుకోను. దానికీ ఓపిక కావాలి. నీ మీద ఉందో లేదో నేను వెతకలేదు. సలోమిని నీ దగ్గరికి పంపిద్దామని కలం పట్టుకుంటే చెయ్యి ఆగిపోతోంది. అంతే.

అందుకనే కూటానికి రాయలేను. అబద్ధం రాయడం రాదు, ఇది రాయడం బాగుండదు.

జయరావు.


పర్చూరు,
12-1-1988.

ఒరేయ్ జయా,

నీ ఉత్తరం చదివి నాలుగు రోజులు జవాబు రాయలేకపోయాను. స్కూల్లో మూడో తరగతి ముందు నించి వెళ్ళాలంటే అటు చూడకుండా వెళ్ళాను. నువ్వు రాసినవేవీ నాకు తెలియదు. శనివారం వచ్చేదాన్ని, అమ్మమ్మ తలంటి పోసేది, ఆదివారం సాయంత్రం వెళ్ళిపోయేదాన్ని. నువ్వు మూలన కూర్చుని ఉండేవాడివి. నీ స్వభావమే అంత అనుకున్నాను.

క్షమించమని రాద్దామని మొదలుపెట్టాను. ఈలోగా నిన్న ఒకటి జరిగింది. వరసగా చెప్తాను.

మీ బావగారి సైకిలు ట్యూబు పోయిందని మాబు సాహెబ్ షాపుకి వెళ్ళాను. లోపల నులక మంచం మీద ఒక ముసలామె ఉల్లిపాయలు ఒలుస్తోంది. వాళ్ళమ్మ, ఈ మధ్యే కొడుకు దగ్గరికి వచ్చిందట. మాటల్లో ఏ ఊరమ్మా అంటే మేకలవారిపాలెం అంది. రసూల్‌బీరా! మన పక్కింటి రసూల్‌బీ, గాజుల గంప ఎత్తుకుని ఊళ్ళు తిరిగేది, నీకు పగిలిన గాజుముక్కలు ఇచ్చేది ఆడుకోమని. నేను ఉపదేశి దానయ్యగారి మనవరాల్ని అని చెప్పాను. కత్తిపీట పక్కన పెట్టి నా మొహం చూసింది. అడిగిన మొదటి మాట ఏమిటో తెలుసా?

"తమ్ముడి కాళ్ళు ఎట్టా ఉన్నాయి పాపా?"

"కాళ్ళకేమైంది పిన్నీ?" అన్నాను.

"ఏమైందంటావేంటి! మా ఊరు వచ్చినప్పుడు మోకాళ్ళు ఒకదానికొకటి కొట్టుకునేవి. పరిగెత్తబోతే బోర్లా పడేవాడు. అంతకు ముందున్న చింతగుంట ఊళ్ళో పట్టుకుందంట, వాడు పాకే వయసులో. ఆ ఊళ్ళో పిల్లలందరికీ అంతేనంట, కాళ్ళు వంకర, పళ్ళ మీద మచ్చలు. బావినీళ్ళ వల్లనే అన్నారంట ఎవరో. పప్పు ఉడకని నీళ్ళు తాగితే ఎముక వంగుద్దని."

ఆమె చెప్పుకుంటూ పోయింది.

"అక్కణ్ణించి ఊరూరూ మార్చుకుంటా వచ్చింది మీ అమ్మమ్మ. దిగంగానే పప్పు పొయ్యి మీద ఎక్కిచ్చేది. మా ఊళ్ళోనూ ఉడకలా. పొయ్యి ముందు నేనూ కూర్చున్నాగా, నా కట్టెలు కూడా తగలేసింది! పప్పు పప్పులాగే ఉంది. రసూలూ, ఈ ఊళ్ళో నా మూటలు విప్పను అంది. అన్నట్టే విప్పలా. ఎక్కడ నీళ్ళు బాగుంటాయో గాజులకి పోయిన ఊరల్లా నన్ను కనుక్కురమ్మనేది. రావిగుంటపాడు పేరు చెప్పింది నేనే. ఎల్లినాక కబురు పంపింది, పప్పు ఎన్నలా ఉడికింది రసూలూ అని."

"మరి మాకు చెప్పలేదేం పిన్నీ?"

"పిల్లోడికి చెప్తే నేను కుంటోణ్ణి అని కూలబడతాడంది. మీ తాతకి చెప్తే ప్రార్థన చేద్దాం అంటాడంట. చేద్దువుగానిలే, ముందు బండి కట్టించు అనేది." చెప్పి పకపకా నవ్వింది. నవ్వి, కళ్ళు తుడుచుకుంది. ఉల్లిపాయలే అనుకో.

నా బోర్డింగు గురించి అడిగాను. ఆ సంగతి ఆమె ఎరగనే ఎరగదు. అది కలిసొచ్చిందంతే. నా కోసం ఒక ఊరు మారారని ఇన్నాళ్ళూ ఎంత గొప్పగా అనుకున్నానో. ఎవరితోనూ అనలేదు గాని మనసులో ఆ మాట ఉండేది. ఇప్పుడు అది కూడా లేదు. నవ్వుకోరా, నువ్వు కూడా.

ఇంకో సంగతి దాచడం ఇష్టం లేక రాస్తున్నాను. ఇవాళ మా సైన్సు మాస్టార్ని అడిగాను. ఎముకలు వంచే గుణం కొన్ని ఊళ్ళ నీళ్ళలో ఉన్నమాట నిజమేనట. కాని పప్పు ఉడకడం, ఉడకకపోవడం దానికి ఖాయమైన గుర్తు కాదట. మెత్తగా ఉడికిన చోటా ఆ గుణం ఉండచ్చు, ఉడకని చోటా లేకపోవచ్చు అన్నారు. అంటే గుప్పెడు పప్పుని నమ్మి మనల్ని అన్ని ఊళ్ళు తిప్పింది. అది నీ కాళ్ళకి మేలు చేసిందో, కాళ్ళు వాటంతట అవే నిలబడ్డాయో చెప్పేవాళ్ళు లేరు. నీ చదువు మాత్రం పోయింది. అది తెలుస్తూనే ఉంది.

సలోమి గురించి ఇక నేను అడగను. నీ ఇష్టం. గది అలాగే ఉంచాను.

అక్క.


చిలకలూరిపేట,
20-1-1988.

అక్కకు వందనాలు.

పొద్దున మంచు, తర్వాత ఎండ. గోడలకున్న మేకులు పీకి, చిల్లులకి సున్నం పెట్టాను.

నీ ఉత్తరం ఇంట్లో చదివి వినిపించాను. నీ మరదలు నా కాళ్ళవంక చూసి, లోపలికి వెళ్ళి అన్నం వార్చుకుంది.

ఇప్పుడు కొన్ని గుర్తొస్తున్నాయి. చిన్నప్పుడు నన్ను కొంగ అనేవాళ్ళు. బాగా పొడుగని అనుకున్నాను. రాత్రిళ్ళు అమ్మమ్మ ఆముదం రాసి మోకాళ్ళు పట్టేది. పిల్లలందరికీ పడతారనుకున్నాను. ఇప్పటికీ ఎక్కువసేపు నిలబడితే లాగుతాయి. దూది బేళ్ళ వల్ల అనుకున్నాను.

కోపం పోయిందా అంటే పోలేదు. పెట్టుకోవడానికి చోటు లేకుండా అయింది. నన్ను ఎత్తుకుని అన్ని ఊళ్ళు తిరిగిన మనిషి మీద పెట్టలేను. తిరగకుండా ఉంటే బాగుండేది అనీ అనలేను. నన్ను అడిగి ఉంటే మాత్రం చదువే కావాలనేవాణ్ణి. కాళ్ళు ఎలా పోతే అలా పోనీ అనేవాణ్ణి. ఆ వయసువాడు అంతే అంటాడు. అందుకే ఆవిడ అడగలేదు. అడగవలసిందో కాదో నాకు తేలడం లేదు. రెండు రోజులు ఆలోచించి వదిలేశాను.

మొన్న ఆదివారం సలోమిని కూర్చోబెట్టి అడిగాను. గుంటూరు వచ్చి మళ్ళీ ఎనిమిది చదువుతావా, పర్చూరులో అత్త దగ్గర ఉంటావా అని. నా వంక అదోలా చూసింది.

"అమ్మయ్య, నన్ను కూడా అడిగారన్నమాట. మీ అక్కాతమ్ముళ్ళ ఉత్తరాలు తెమిలేసరికి నాకు పెళ్ళీడు దాటిపోతుందనుకున్నా" అంది.

వాళ్ళమ్మ నవ్వింది. ఈ నెలలో అదే మొదటిసారి నవ్వడం.

"సరేలే, ఏమంటావు?" అన్నాను.

"పర్చూరు పోతా. చదివిందే చదివితే నాకు పిచ్చెక్కుద్ది. అత్త లెక్కలు బాగా చెప్తుంది. కానీ జుట్టు ముట్టుకోనివ్వను. జూన్‌లో గుంటూరు వచ్చేస్తా, తొమ్మిదిలోకి."

"ఉండలేకపోతే?"

"బస్సులున్నాయిగా నాన్నా."

కనక పంపిస్తున్నాను. జుట్టు విషయం గుర్తు పెట్టుకో. బావగారి సామాను అటక మీదే ఉండనీ.

కూటంలో ఇది చదివించు. నాకు ఇంతకంటే రాదు:

"మా అమ్మమ్మ అంకమ్మ మమ్మల్ని పెంచింది. చాలా ఊళ్ళు మారింది. ఎందుకు మారిందో మాకు చెప్పలేదు. మేము వేరే కారణాలు అనుకున్నాము. తనకు తెలిసినంతలో మంచిదనుకున్నది చేసింది. దానివల్ల మాకు మంచీ జరిగింది, చెడూ జరిగింది."

ఆఖరి వాక్యం తీసెయ్యమని పాస్టరుగారు అంటారు. తియ్యనివ్వకు. రసూల్‌బీని కూడా కూటానికి పిలువు. వస్తుందో రాదో, పిలువు.

జయరావు.


చిలకలూరిపేట బస్టాండు,
31-1-1988, ఆదివారం.

అక్కకు,

ఎండగా ఉంది. గాలి లేదు. పొద్దున సామాను లారీకెక్కించి, నీ మరదల్ని దాంతోపాటు గుంటూరు పంపాను. సలోమిని పర్చూరు బస్సు ఎక్కించి నేనూ గుంటూరు వెళ్తాను. ఈ ఉత్తరం దాని చేతికిచ్చి పంపుతున్నాను. బస్సు ఇంకా రాలేదు.

దానికి నిద్రలో మాట్లాడే అలవాటుంది, భయపడకు. పొద్దున్నే లేవదు. రెండుసార్లు పిలిచి వదిలెయ్, మూడోసారి అదే లేస్తుంది. కాకరకాయ తినదు, తింటానని అబద్ధం చెప్తుంది. చలికి చెవులు నొప్పెడతాయి, గుడ్డ కట్టుకోమను. ఏం రాస్తున్నావు నాన్నా, నేను వెళ్తున్నాగా, నోటితో చెప్తాగా అంటోంది. నువ్వు చెప్పవులే అన్నాను.

టీసీ పెట్టెలో అడుగున, గళ్ళ లంగా మడతలో ఉంది.

ఒక్క సంగతి మాత్రం నువ్వు వినాలి. ఇంటికి పోతానని అది ఏడిస్తే సర్దిచెప్పకు. చదువు పాడవుతుందని బతిమాలకు. ఏడవకుండా ఊరికే మూలన కూర్చుంటే, అది కూడా చూస్తూ ఉండు. ఒక కార్డు ముక్క రాయి, నేను వచ్చి తీసుకెళ్తాను. ఏడాది పోతే పోనీ. దాని స్వభావమే అంత అనుకోకు.

బస్సు వచ్చింది. కండక్టరు పెట్టె పైకి ఎక్కించమని కేకలేస్తున్నాడు. తాళం బిగియడం లేదని తాడుతో కట్టాను, దించుకునేటప్పుడు కింద చెయ్యి పెట్టి పట్టుకోమని బావగారితో—